ఏడాదైనా చెడని క్రీము

ఇప్పుడు నా చేతులు చూస్తే ఎవరూ నమ్మరు. కత్తి పట్టే చోట కాయ కాసిందే తప్ప మిగతాదంతా మామూలు చర్మమే. కానీ పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, ఒక ఉగాది నుంచి కార్తీకం దాకా, ఈ రెండు చేతులనూ తువ్వాలలో చుట్టుకుని తిరిగాను. మంగలివాణ్ణి. మనిషిని ముట్టుకోవడమే నా బతుకు. ముట్టుకోరాని చేతులు పెట్టుకుని మంగలి ఏం చేస్తాడు? దుకాణంలో ఒక మూల కూర్చుని అందరి మీదా కోపం తెచ్చుకుంటాడు. నేను అదే చేశాను.

ఇది రాయమని నన్ను పోరింది నా భార్య సత్తెమ్మ. "నీ లెక్క ఇంకెవనికన్న అయితె వాడన్న జల్ది దవాఖానకు పోతడు. రాయి" అంది. నేను చదివింది ఏడో తరగతి. నోటితో చెప్పమంటే పొద్దుగూకే దాకా చెబుతాను, గడ్డం గీసేవాడికి మాటలు కరువా! రాయడం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నా చేతుల సంగతి ఒక్కటే కాదు, మా బాపు సంగతి ఉంది.

మాది పానగల్లు దగ్గర ఒక చిన్న ఊరు. బాపు ఆ ఊరి మంగలి. పేరు నర్సయ్య. పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ఆ పొదిలో ఒక కత్తి, తోలుపట్టా, పటిక ముక్క, చిన్న ఇత్తడి గిన్నె. అంతే సామాను. సబ్బు కూడా లేదు. గిన్నెలో నీళ్లు పోసుకుని వేళ్లతో గడ్డాన్ని నానబెట్టేవాడు. కూర్చున్నవాడికి కునుకు పట్టేదాకా నానబెట్టేవాడు. "గడ్డం నానితె కత్తి పని సగమైతదిరా" అనేవాడు.

నేను కత్తి నేర్చుకున్నది బాపు చెంపల మీదే. మొదటి రోజు మూడు చోట్ల తెగ్గోశాను. నేను ఏడుపు మొహం పెడితే పటిక రాసుకుని, "మంచిగనే ఉన్నది, కానియ్" అన్నాడు. ఆ తర్వాత బాపు ఇంకొకరి చేత గడ్డం చేయించుకోలేదు. నేను నల్లగొండ బస్టాండు దగ్గర కిరాయి జాగాలో రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం పెట్టి సెలూన్ తెరిచాక కూడా ఆ పద్ధతి తప్పలేదు. మంగళవారం దుకాణం బంద్. బుధవారం పొద్దున్నే బాపు ఊరి నుంచి నడిచి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. వారంలో మొదటి గడ్డం ఆయనదే. "బోణీ నాది" అని నవ్వేవాడు. బోణీ అంటాడే కానీ, తిరిగి పోయేటప్పుడు నా దగ్గరే చాయ్ తాగి పోయేవాడు.

ఆ రోజుల్లో పట్నం నుంచి ఒకాయన సైకిలు మీద సామాను వేసుకుని దుకాణాలు తిరిగేవాడు. ఆయన దగ్గర గడ్డం క్రీము కొన్నాను. పెద్ద తెల్లటి డబ్బా, మల్లెపూల వాసన. "మూత తీసిపెట్టినా బూజు పట్టదు. ఏడాదైనా చెడదు" అన్నాడు. మా నల్లగొండ ఎండలకు కొబ్బరినూనె కూడా ముక్కిపోతుంది, అలాంటిది ఏడాది నిలుస్తుందంటే ఆశ పుట్టదా? ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఆ వాసనకే నా దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. నేను కొంచెం తల ఎగరేశాను కూడా. ఎందుకు దాచాలి?

బాపు మాత్రం ఆ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వెన్న నాల్గు దినాలకు వాసనొస్తది. గిది ఏడాది ఎట్లుంటదిరా? ఇండ్ల ఏం కలిపిన్రు?"

"నీకేం తెల్వది బాపు, ఊకో" అన్నాను.

ఆయన మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేను.

ఉగాదికి వారం ముందు మొదలైంది. ఎడమ చేతి మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్లంత జాగాలో దురద. చెమటకాయలేమో అనుకున్నాను. ఎండలు ముదిరేసరికి చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి, పగిలి రసి కారాయి, వేళ్ల సందుల్లోకి పాకాయి. వైశాఖంలో కుడి చేతికి వచ్చింది. చర్మం ఎండిన చెరువు అడుగులా పగిలింది. రాత్రీ పగలూ గోక్కునేవాణ్ణి. కళ్లలో నీళ్లు తిరిగేదాకా గోక్కుని, తర్వాత ఆ మంటకు ఊదుకుంటూ కూర్చునేవాణ్ణి.

"ఆముదం రాయిరా" అన్నాడు బాపు. ఆముదం జిడ్డు, కత్తి జారుతుంది అన్నాను. దానికి బదులు నేను ఏం చేశానో తెలుసా? ఆ క్రీమే రాసుకున్నాను. చల్లగా ఉండేది, రాసిన కాసేపు హాయిగా అనిపించేది. పడుకునే ముందు రెండు చేతులకూ మందంగా పట్టించేవాణ్ణి. ఊళ్లో ఎవరికి కురుపు లేచినా, గడ్డ లేచినా మంగలినే మందు అడుగుతారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, నా సంగతి అట్లా అయింది.

నల్లగొండ సర్కారు దవాఖానలో మలాము ఇచ్చారు. అది రాసుకుని నాలుగు రోజులు దుకాణం మూసి ఇంట్లో కూర్చుంటే కొంచెం తగ్గేది. తెరిస్తే మళ్లీ లేచేది. మలాము అయిపోతే మళ్లీ ఆ క్రీమే పట్టించేవాణ్ణి. దుకాణానికే దిష్టి తగిలిందని సత్తెమ్మ గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. నేను వాటిని తెంపి పారేశాను. ఆమె మళ్లీ కట్టింది.

ఒకరోజు ఒక బడిపంతులు కుర్చీలో కూర్చున్నాడు. నేను చేతి గుడ్డ విప్పగానే అద్దంలో చూశాడు. "నాకు పని యాదికొచ్చింది" అని లేచి, మెడకు కట్టిన తుండుగుడ్డతోనే బయటికి నడిచాడు. తర్వాత ఎవరితోనో ఆ గుడ్డ తిప్పి పంపాడు. ఆ వారంలోనే బజారంతా ఒక మాట పాకింది. పెద్దరోగమట. కుష్ఠు అనే పేరు పైకి అనడానికి కూడా జనానికి భయం. నా ముందు ఎవరూ అనలేదు. నా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, అదే చెప్పింది.

ఒక్కడు మాత్రం వచ్చాడు. మల్లయ్య అని, గొర్లు కాసేవాడు, అంగడికి వచ్చినప్పుడల్లా నా దగ్గరే జుట్టు తీయించుకునేవాడు. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పో మల్లన్నా, నీకంటితె?"

"నా గొర్లకు గజ్జి లేస్తె ఈ చేతులతోనే రాస్త మందు. నువ్వు నా గొర్రె కంటె ఎక్కువనా?"

ఎన్నాళ్లకో నవ్వాను. కానీ కత్తి పట్టలేదు. కాసేపు కూర్చుని, మేకపాలు తెచ్చిన చెంబు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా అంగడి రోజున వచ్చి, గొంగడి పరుచుకుని నా గుమ్మం ముందే కూర్చునేవాడు, నలుగురూ చూసేలా.

ఇంట్లో పరిస్థితి ఇంకా దారుణం. పగుళ్లకు కారం తగిలితే ప్రాణం పోయేది. సత్తెమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. నేను ముద్ద ముద్దకూ విసుక్కునేవాణ్ణి. మా ఆరేళ్ల బిడ్డను దగ్గరికి రానివ్వలేదు. అది దూరం నుంచి "నాయినా, నీ చేతులు నిద్రపోతున్నయా?" అని అడిగేది, గుడ్డలో చుట్టి ఉన్నాయి కదా. వానాకాలం మొదట్లో మా అత్త వచ్చి పిల్లను తీసుకుపోతానంది. సత్తెమ్మ ఆమెతో పెద్ద గొడవ పెట్టుకుంది. "నా మొగడు నాకు బరువు గాదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అని అరిచింది. అంతా అరిచాక మూట కట్టి పిల్లను పంపించింది. బతుకమ్మ పండక్కి కూడా పిల్ల ఇంట్లో లేదు. సత్తెమ్మ ఒక్కతే తంగేడు పూలు పేర్చుకుంది. నేను గోడ దగ్గర కూర్చుని చూశాను.

దుకాణం మూతపడకుండా కాపాడింది బాపు. కత్తి వదిలి ఏళ్లయిన మనిషి, మళ్లీ పొది దులిపి పొద్దున్నే నడిచి వచ్చేవాడు. నా క్రీము డబ్బాను పక్కకు నెట్టి, ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసుకునేవాడు. చూపు సరిగా ఆనదు, చెయ్యి కొంచెం వణుకుతుంది. అయినా బస్సు దిగిన పల్లెటూరి ముసలివాళ్లు ఆయన్ను చూసి లోపలికి వచ్చేవారు. దినమంతా నిలబడి నిలబడి, సాయంత్రానికి నడుము పట్టుకుని దగ్గేవాడు.

బుధవారం వస్తే మాత్రం ముందు తనే కుర్చీలో కూర్చునేవాడు.

"రా, బోణీ చెయ్."

"వద్దు బాపు. నీకంటుతది."

"అంటితె అంటనియ్యిరా. నేనింక ఎన్ని దినాలుంట?"

"వద్దంటున్న గదా!" అని అరిచేవాణ్ణి. మొదటి వారం, రెండో వారం, అట్లా ప్రతి వారం. ఆయన కాసేపు అద్దంలో నన్ను చూసి లేచేవాడు. మా చిన్నాయన కొడుకు రాములు, వాడూ మంగలే, "పెద్దబాపూ, నేను తీస్త రా" అని ఎన్నిసార్లు పిలిచినా వినలేదు. "మా పిలగాని చెయ్యి మంచిగ గానియ్" అనేవాడు. ఆయన చెంపలు తెల్లటి గడ్డంతో మూసుకుపోయాయి. మంగలికి గడ్డమేంది నర్సయ్యా, సన్నాసులల్ల కలుస్తవా అని జనం ఎగతాళి చేస్తే, "మొక్కున్నది" అనేవాడు. ఏ దేవుడికి అని అడిగితే చెప్పేవాడు కాదు.

దసరా పోయాక సర్కారు దవాఖాన డాక్టరు చీటీ రాసి హైదరాబాదు పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. సత్తెమ్మ దుకాణంలోని సీసాలు, డబ్బాలు అన్నీ ఒక సంచిలో సర్దింది. ఏమడుగుతరో ఏమో అంది. ఆ ఒక్క పని చేయకపోతే నేను ఇంకెన్నాళ్లు తిరిగేవాణ్ణో! బస్సు దాకా బాపు వచ్చాడు. అప్పటికే ఆయన దగ్గు ముదిరింది. "చేతులు మంచిగ చేస్కొనే రా. నడిమిట్ల రాకు" అన్నాడు. గుడ్డ మీద నుంచే నా చేతులు రెండూ పట్టుకుని నొక్కాడు.

దవాఖాన వరండాలో వందమంది ఉన్నట్టుంది. బెంచీ మీద నా పక్కన జాగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. రెండు రోజులు అట్లాగే చీటీ పట్టుకుని కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక నర్సమ్మ వచ్చి, గుడ్డ విప్పి, ఒట్టి చేతులతో నా చేతిని ఒళ్లోకి తీసుకుని తిప్పి చూసింది. నేను వెనక్కి లాక్కున్నాను.

"అంటుతదమ్మా."

"గట్ల ఎవరన్నరు? మాది మేళ్లచెరువు దిక్కు. మా అయ్య సున్నం బట్టీల పనిచేసిండు. ఆయన చేతులు ఇంతకంటె పగిలేటియి. ఆ చేతులతోనే నన్ను చదివిచ్చిండు" అంది. పేరు మరియమ్మ అని చెప్పింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉండగా నేను ఏడ్చాను. ఇంటివాళ్లు కాక ఇంకొకరు నా చెయ్యి పట్టుకుని ఎన్ని నెలలైందో. ఆమె చూడనట్టు పక్కకు తిరిగి గాజుగుడ్డ కత్తిరించింది.

డాక్టరు సన్నటి సూదితో వేళ్ల మీద గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందన్నాను. "పెద్దరోగమైతే స్పర్శ పోతుంది. ఇది అది కాదు" అన్నాడు. తర్వాత, "నువ్వు పని ఎట్లా చేస్తావో చేసి చూపించు" అని తన కలం నా చేతికి ఇచ్చి, తనే కుర్చీలో వెనక్కి వాలి గడ్డం పైకెత్తాడు. నేను సిగ్గుపడుతూ కలాన్ని కత్తిలా పట్టుకుని గాలిలో గీశాను.

"ఆగు. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాను.

"కలాన్ని ఎక్కడ తుడిచావు?"

నేను తుడిచినట్టు నాకే తెలియదు. చూసుకుంటే కలం నా ఎడమ మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో ఉంది. కత్తికి అంటిన నురగను, వెంట్రుకలను మేము అక్కడే తుడుచుకుంటాం. తాత అట్లా తుడిచాడు, బాపు అట్లా తుడిచాడు, బాపును చూసి నేను. బాపు తుడిచింది నీళ్లు. నేను రోజూ ముప్పై నలభైసార్లు తుడిచింది ఆ క్రీము. పొక్కులు మొదట లేచిన జాగా అదే.

డాక్టరు సంచిలోని సామానంతా బల్ల మీద పెట్టించి, ఒక్కో దానిలోంచి కొంచెం కొంచెం తీసి నా వీపు మీద వరసగా పట్టీలు వేయించాడు. అది శనివారం. రెండు రోజులకు పట్టీలు తీస్తారు, ఇంకో రెండు రోజులు ఆగి చూస్తారు, అప్పుడే తేలుతుంది అన్నారు. వీపు తడపకూడదు, గోకకూడదు. వరండాలో చాప వేసుకుని బోర్లా పడుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం రాములు వచ్చాడు. దుకాణం బంద్ ఉన్న రోజు కదా, బస్సెక్కి వచ్చాడు. నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, పెద్దబాపుకు జరం. దగ్గుతోటి పండుకోలేకపోతున్నడు. వదిన నిన్ను తీస్కరమ్మన్నది. పెద్దబాపేమో చెప్పొద్దన్నడు."

నేను లేచి నిలబడ్డాను. మరియమ్మ పరిగెత్తుకు వచ్చింది. "రేపు పొద్దుగాల డాక్టరు చూస్తడు. చూపిచ్చుకోకుంట పోతె మళ్ల మొదటికొస్తది. నీ ఇష్టం అన్నా" అంది. నడిమిట్ల రాకు అన్నాడు కదా బాపు. జ్వరమే కదా అనుకున్నాను. ఒక్క రాత్రే కదా అనుకున్నాను. రాములును పంపించి నేను ఉండిపోయాను.

పొద్దున డాక్టరు నా వీపు చూశాడు. సబ్బు వేసిన చోట ఏమీ లేదు. నూనె, పౌడరు, ఏమీ లేదు. క్రీము వేసిన చోట ఎర్రగా పొక్కింది. దాని పక్కన డాక్టరు తన దగ్గరిది ఒకటి వేసి ఉంచాడు, అక్కడా పొక్కింది. అలాంటి క్రీములు పాడుకాకుండా ఉండటానికి కలిపే మందట అది.

"కొంతమంది ఒంటికి అది గిట్టదు. నీకు గిట్టలేదు. పగుళ్లకు ఏం రాసుకున్నావు?"

"ఆ క్రీమే సారూ."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"అయితే గట్లాంటివి కలపుడే తప్పా సారూ?"

"కలపకపోతే బూజు పడుతుంది. తెగిన చెంపకు బూజు పట్టింది రాస్తే అదో రోగం. చాలామందికి ఏమీ కాదు. నీలాంటివాడికి మాత్రం రోజూ అందులోనే చెయ్యి పెడితే ఇట్లా అవుతుంది. ఇక దాన్ని ముట్టుకోకు. అదే నీకు మందు."

నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది. "ఇది అంటేది కాదా సారూ? మా బాపుకు గడ్డం చెయ్యొచ్చా?"

"ఇవాళే చెయ్యి. మొదటి రోజు నుంచీ చెయ్యొచ్చు, దీనికేం అడ్డం?" అన్నాడు.

మొదటి రోజు నుంచీ. బస్సులో నల్లగొండ దాకా ఆ మాటే చెవుల్లో ఉంది. ఎన్ని బుధవారాలు ఆయన నా ముందు గడ్డం ఎత్తుకుని కూర్చున్నాడు! ఆయన ఒక్కసారి భయపడలేదు. భయపడ్డది నేను. పైగా ఆయన మీదే అరిచాను.

బస్టాండు నుంచి నేరుగా మా ఊరికి నడిచి వచ్చేసరికి బాపు వాకిట్లో జనం ఉన్నారు. ఎందుకున్నారో అడగనక్కర్లేకపోయింది. తెల్లవారుజామున పోయాడట. సత్తెమ్మ నన్ను చూసి గోడకు ఆనుకుని కూలబడింది.

"తెల్లారక ముందుగాల అడిగిండు, ఇయ్యాల ఏం వారమమ్మా అని. బుధవారం మామా అన్న. ఇయ్యాల వస్తడు అన్నడు. గంతే."

మా ఇంటి ఆచారంలో మగవాణ్ణి గడ్డంతో సాగనంపరు. రాములు అప్పటికే కత్తి నూరి పెట్టుకుని, స్నానానికి ముందు తీద్దామని నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి చాపాను. వాడు కత్తి ఇవ్వబోతుంటే వెనక నుంచి ఎవరో పెద్దమనిషి, "ఆ చేతులతోటా?" అన్నాడు.

"అంటేది కాదు" అన్నాను. "ఎన్నడూ అంటేది కాదట."

రాములు కత్తి నా చేతిలో పెట్టాడు. సత్తెమ్మ లేచి ఇత్తడి గిన్నెలో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. చేతి గుడ్డలు తీసి పారేశాను. ఆరు నెలల గడ్డం. వేళ్లు ముంచి నానబెట్టాను. నానబెట్టి, నానబెట్టి, ఆయన నేర్పినట్టే, కూర్చున్నవాడికి కునుకు పట్టేదాకా. పగుళ్లలోకి నీళ్లు దిగి మండుతున్నాయి. చెంపలు చల్లగా ఉన్నాయి. నేను మొదటిసారి తెగ్గోసిన మూడు చోట్లూ వేలితో వెతికాను. మచ్చలేవీ మిగల్లేదు.

ఎక్కడా తెగకుండా తీశాను. తీసినంతసేపూ పైకే ఏడ్చాను. గీత గీతకూ కత్తిని అలవాటుగా ఎడమ మణికట్టు మీదే తుడుచుకున్నాను. నీళ్లు, తెల్లటి వెంట్రుకలు. చివరికి ఆ జాగా నిండిపోయింది. కడుక్కోబోయి ఆగి చాలాసేపు చూసుకున్నాను. ఎక్కడా దురద పెట్టలేదు.